పిల్లి తలుపు: కోసే ముందు అవతల చూడండి

 

ఈసారి విషయం చెప్తే కొంతమంది నవ్వుతారు. పిల్లి తలుపు. ఇంగ్లీషులో క్యాట్ ఫ్లాప్ అంటారు. తలుపు కింది భాగంలో చిన్న కన్నం కోసి, ఊగే ప్లాస్టిక్ రెక్క పెడతారు. పిల్లి తలతో తోసుకుని పోతుంది, వస్తుంది. మనం లేచి తలుపు తియ్యక్కర్లేదు. ఇంతే వస్తువు.

ఇంతే అయితే నాకిన్ని వాయిస్ మెసేజ్‌లు రావు కదా. కాన్‌బెర్రాలో మనవాళ్ళు చాలామంది షిఫ్టుల మీద ఉన్నారు. ఆయన పొద్దున్న ఐదింటికి సైటుకి వెళ్తాడు, ఆవిడ మధ్యాహ్నం నుంచి వృద్ధుల హోమ్‌లో డ్యూటీ. పిల్లలు అడిగారని పిల్లిని తెచ్చారు. అది పగలంతా ఇంట్లో ఒక్కతే. కిటికీ దగ్గర కూర్చుని అరుస్తుంది, తలుపు గీకుతుంది, కర్టెన్లు పీకుతుంది. ఒక శనివారం హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి ముప్పై నలభై డాలర్లు పెట్టి ఫ్లాప్ డబ్బా ఒకటి తెస్తారు. ఆదివారం పొద్దున్న నాకు ఫోన్. "అన్నా, మీ జిగ్‌సా ఒక గంట ఇస్తారా?"

ఇస్తాను. ఇచ్చేముందు రెండే అడుగుతాను. ఆ తలుపు ఎవరిది? ఆ తలుపు అవతల ఏముంది? ఫ్లాప్ కొలతలు అడిగితే అందరూ టకటకా చెప్తారు. ఈ రెండిటికీ మాత్రం నీళ్ళు నములుతారు. కొయ్యడం గంట పని. ఈ రెండూ తేలకుండా కోస్తే పోయేది అద్దె ఇంటి బాండు, పడేది జరిమానా. పిల్లి పోయినా పోవచ్చు.

ముందు అవతల సంగతి చూద్దాం. మేముండే హారిసన్ కాన్‌బెర్రాకి ఉత్తరాన గంగాలిన్ వైపు ఉంటుంది. ఈ నగరం ప్లానింగ్‌లో పనిచేసిన పీటర్ హారిసన్ గారి పేరు పెట్టారు. ఫ్లెమింగ్టన్ రోడ్డు మీద 2019 నుంచి లైట్ రైలు తిరుగుతోంది. రోడ్డు పక్కన అపార్ట్‌మెంట్లు, టౌన్‌హౌసులు, లోపలికి వెళ్తే విడి ఇళ్ళు. పక్కనే త్రాస్‌బీ, ఆ పైన ఫోర్డ్, వాటి వెనకాల మల్లిగన్స్ ఫ్లాట్ అడవి.

ఇక్కడి రూలు ఇది. 2022 జూలై 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన ప్రతి పిల్లినీ, కాన్‌బెర్రాలో ఏ పేటలో ఉన్నా సరే, మన ఆవరణ దాటి తిరగనివ్వకూడదు. బయటికి తీసుకెళ్ళాలంటే బెల్టు కట్టి తాడుతో పట్టుకోవాలి, లేదా బుట్టలో పెట్టాలి. ఫోర్డ్, త్రాస్‌బీ లాంటి కొన్ని పేటల్లో అయితే పిల్లి ఎప్పుడు పుట్టినా ఇదే రూలు. అంతకుముందు పుట్టిన ముసలి పిల్లి ఉన్నవాళ్ళు మీ పేట ఆ జాబితాలో ఉందో లేదో ప్రభుత్వం వెబ్‌సైటులో చూసుకోండి. ఇవాళ తెచ్చుకునే కూన ఏదైనా ఎలాగూ ఆ తారీఖు తర్వాత పుట్టిందే. మైక్రోచిప్, రిజిస్ట్రేషన్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఇవి మూడూ కూడా తప్పనిసరే.

అంటే లాండ్రీ తలుపుకి కన్నం కోసి పిల్లిని పెరట్లోకి వదిలేస్తే సరిపోదు. మన పెరడు మనదే కానీ, పిల్లికి ఆరడుగుల కంచె ఒక లెక్కా? ఒక్క గెంతు. కాబట్టి ఇక్కడ పిల్లి తలుపు అవతల జాలీ గది ఒకటి ఉండాలి. పైకప్పు కూడా జాలీయే. ఇక్కడివాళ్ళు దాన్ని క్యాటియో అంటారు. లేదంటే కంచె పైన తిరిగే రోలర్లు గానీ, లోపలికి వంగిన వల గానీ పెట్టించాలి. ఫ్లాప్ ఖర్చు పది శాతం అనుకుంటే, ఈ అవతలి పని తొంభై శాతం. కొనేటప్పుడు లెక్క ఇటు నుంచి వెయ్యాలి.

దీని మీద నాతో వాదించినవాళ్ళున్నారు. "మన ఊళ్ళో పిల్లిని ఎవరన్నా బంధించారా అన్నా? పది ఇళ్ళు తిరిగేది, పది ఇళ్ళ పాలు తాగేది." నిజమే. మన పెంకుటిళ్ళకి పిల్లి తలుపు అవసరమే లేదు. వాసాల సందు చాలు, దొడ్డి తలుపు కింద జానెడు ఖాళీ చాలు. ఎలుకలు పట్టడానికి దాన్ని రానిచ్చేవాళ్ళం, ఉట్టి మాత్రం పైన కట్టేవాళ్ళం. అక్కడి జంతువులకి పిల్లి కొత్త కాదు. ఇక్కడ కొత్త. పిల్లి ఈ దేశానికి తెల్లవాళ్ళ ఓడల్లో వచ్చింది. ఇక్కడి చిన్న జంతువులకి దాన్ని చూసి పారిపోవడం కూడా తెలియదు.

మల్లిగన్స్ ఫ్లాట్‌కి మీరు ఎప్పుడన్నా పిల్లల్ని తీసుకుని వెళ్తే ఆ కంచె చూడండి. కంచెలు కట్టించే పనిలో ఉన్నవాడిని కదా, నాకు జంతువులకన్నా ముందు అదే కనపడింది. పదకొండు కిలోమీటర్లు పైనే. పిల్లి ఎక్కి దూకకుండా, నక్క తవ్వి దూరకుండా కట్టారు. 2012లో టాస్మానియా నుంచి బెట్టాంగులని తెచ్చి ఆ కంచె లోపల వదిలారు. బెట్టాంగ్ అంటే కుందేలంత ఉండే కంగారూ జాతి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగం మీద అవి దాదాపు వందేళ్ళుగా లేవు. నక్కలూ పిల్లులూ తినేశాయి, మనుషులు అడవి కొట్టేశారు. 2016లో ఒంటి మీద చుక్కలుండే క్వోల్‌ని కూడా తెచ్చారు. ఆ కంచెకి ఇవతల మన ఇళ్ళు, మన పిల్లులు. 2017లో ఇక్కడి పరిశోధకులు లెక్క కట్టారు, ఈ దేశంలో పిల్లులు రోజుకి పది లక్షల పైన పక్షుల్ని చంపుతున్నాయని. ఎక్కువ భాగం అడవి పిల్లుల పనే. అయినా ఇంటి పిల్లుల వాటాయే ఏడాదికి ఆరు కోట్ల పైన వచ్చింది. మనం వలస వచ్చిన ఊరు ఇది. ఆ ఊరికి ఏది ముఖ్యమో తెలుసుకుని ఉండటంలో చిన్నతనమేమీ లేదని నా ఉద్దేశం.

పిల్లి వైపు నుంచి చూసినా అంతే. వెల్ స్టేషన్ డ్రైవ్ మీద సాయంత్రం కార్లు చూశారుగా. ఎండాకాలం గంగాలిన్ వైపు బ్రౌన్ స్నేకులు తిరుగుతాయి, చాలా విషం. జాలీ గది పామును పూర్తిగా ఆపుతుందని చెప్పను, పిల్లి పాము కోసం గడ్డిలోకి పోకుండా మాత్రం ఆపుతుంది.

ఇక రెండోది, తలుపు ఎవరిది?

సొంత విడి ఇల్లు అయితే మీ ఇష్టం. అపార్ట్‌మెంట్ అయితే ముందు తలుపు జోలికి అస్సలు పోవద్దు. కారిడార్‌లోకి తెరుచుకునే తలుపు ఫైర్ డోర్. పక్కన, అంచు మీద చిన్న లోహపు ట్యాగు ఉంటుంది, ఎన్ని నిమిషాలు మంటని ఆపాలో రాసి ఉంటుంది. దానికి కన్నం పెడితే అది ఇక ఫైర్ డోర్ కాదు. మంట, పొగ వచ్చే రోజున మీ పిల్లలతో పాటు ఆ అంతస్తులో ఉన్న అందరి ప్రాణాలూ దాని మీదే. దుబాయ్, దోహా, సింగపూర్ ఫ్లాట్లలో ఉన్నవాళ్ళకి కూడా ఇదే మాట. కారిడార్ తలుపు బరువుగా ఉండి దానంతట అదే మూసుకుంటోందంటే ఫైర్ డోర్ అనే అనుకోండి. బాల్కనీ తలుపు వేరే సంగతి, కానీ అది ఓనర్స్ కార్పొరేషన్‌ది అవుతుందా, మీది అవుతుందా అని ముందు రాతలో అడగాలి. బయటికి కనపడే మార్పు కదా.

అద్దె ఇల్లు అయితే, ఓనరు గానీ ఏజెంటు గానీ "ఓకే ఓకే" అని ఫోన్‌లో అంటే అది పర్మిషన్ కాదు. ఈమెయిల్ పెట్టండి. ఏ తలుపు, ఏ సైజు కన్నం, ఖాళీ చేసేటప్పుడు కొత్త తలుపు పెట్టి ఇస్తారా లేక ఫ్లాప్ వదిలేసి వెళ్తారా, ఈ మూడూ అందులో ఉండాలి. తలుపు ఫొటో కూడా పెట్టండి. కాన్‌బెర్రాలో బాండు నాలుగు వారాల అద్దెకి మించి తీసుకోకూడదు, కానీ ఆ నాలుగు వారాల అద్దె మనకి చిన్న మొత్తమా?

ఒక తమ్ముడి కథ చెప్తాను, పేరూ పేటా వద్దు. అద్దె ఇల్లు. పెరట్లోకి పెద్ద గాజు స్లైడింగ్ తలుపు. ఓనరు నోటిమాటగా సరే అన్నాడు. తమ్ముడు టైల్స్ పని చేస్తాడు, చెయ్యి మంచిది, డైమండ్ హోల్ సా ఉంది. టైలుకి కన్నం పెట్టినట్టే నీళ్ళు పోస్తూ గాజుకి పెట్టబోయాడు. రెండు నిమిషాల్లో తలుపు మొత్తం శెనగపప్పంత ముక్కలైపోయి కిందకి జారిపోయింది. ఇల్లంతా గాజు. పిల్ల ఏడుపు, పిల్లి రెండు రోజులు మంచం కింద. రాత్రికి రాత్రి ప్లైవుడ్ కొట్టి, మర్నాడు గాజువాళ్ళని పిలిచి, ఆ బిల్లు కట్టుకున్నాడు. ఓనరు అప్పుడు "నేను ఎప్పుడు ఒప్పుకున్నాను?" అన్నాడట.

ఆ తమ్ముడి పనితనంలో లోపం లేదు. టఫెన్డ్ గాజుని ఎవడూ కొయ్యలేడు, గాజు ఫ్యాక్టరీవాడు కూడా. దాన్ని తయారు చేసేటప్పుడు బాగా వేడి చేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. పైపొర బిగుసుకుని, లోపలి పొర లాగుతూ ఉంటుంది. ఆ బిగువే దాని బలం. ఎక్కడ కన్నం పెట్టినా ఆ బిగువు వదిలి మొత్తం పగులుతుంది. అందుకే కన్నం ముందే కోసి, ఆ తర్వాత టఫెన్ చేసిన కొత్త అద్దం ఆర్డర్ ఇవ్వాలి. ఎలా గుర్తుపట్టాలి? అద్దం మూలలో చిన్న ముద్ర ఉంటుంది, అందులో ఏఎస్ ఎన్‌జడ్‌ఎస్ 2208 అని ఉంటుంది. అది సేఫ్టీ గాజు అని అర్థం. రెండు పొరల అద్దం, అంటే డబుల్ గ్లేజింగ్ ఉన్నా అంతే, కొత్త యూనిట్టే చేయించాలి. కన్నంతో కొత్త అద్దం పెట్టిస్తే పాత అద్దాన్ని పారెయ్యకండి. దుప్పటి చుట్టి గరాజ్‌లో నిలబెట్టి దాచండి, పడుకోబెట్టొద్దు. ఖాళీ చేసేరోజు అదే తిరిగి పెట్టించొచ్చు.

అద్దె ఇళ్ళకి నేను ఎక్కువగా చెప్పేది వేరే. స్లైడింగ్ తలుపు ట్రాక్‌లో పట్టే అల్యూమినియం ప్యానెల్ దొరుకుతుంది, సన్నగా, పొడుగ్గా, కింద ఫ్లాప్‌తో. ట్రాక్‌లో నిలబెట్టి పైన స్ప్రింగో స్క్రూవో బిగిస్తే చాలు. ఏమీ కొయ్యక్కర్లేదు, ఇల్లు మారితే ఎత్తుకుపోవచ్చు. రెండు ఇబ్బందులు ఉన్నాయి. తలుపు పాత తాళం ఇక చట్రానికి అందదు, ప్యానెల్‌కి వేరే లాక్ కావాలి. తలుపుకీ ప్యానెల్‌కీ మధ్య సందులో చలిగాలి దూరుతుంది, బ్రష్ స్ట్రిప్ అంటించాలి. కొనేముందు ట్రాక్ అడుగు నుంచి పై గాడి వరకు ఎత్తు మూడు చోట్ల కొలవండి. పది మిల్లీమీటర్ల తేడా వచ్చిన ఇళ్ళు నేను చూశాను.

ఇప్పుడు ఏ ఫ్లాప్ కొనాలి?

మామూలు ఫ్లాప్‌లో నాలుగు రకాల లాక్ ఉంటుంది: లోపలికి మాత్రమే, బయటికి మాత్రమే, రెండువైపులా, పూర్తిగా బంద్. తర్వాత మెడ బెల్టుకి అయస్కాంతం కట్టే రకం. అది నాకు నచ్చదు. అయస్కాంతానికి మేకులు, చెంచాలు అంటుకుంటాయి, బెల్టు ఎక్కడో ఊడిపోతుంది. ఆ పైన మైక్రోచిప్ చదివే రకం. పిల్లి భుజాల మధ్య చర్మం కింద వేసే చిప్‌కి 15 అంకెల నంబరు ఉంటుంది. ఫ్లాప్ దాన్ని చదివి మన పిల్లికే తెరుచుకుంటుంది. ఇంగ్లండ్‌లో నిక్ హిల్ అనే భౌతికశాస్త్రం చదివినాయన తన ఇంట్లోకి పక్కింటి పిల్లులు దూరి తన పిల్లి తిండి తినేస్తుంటే విసిగిపోయి దీన్ని తయారు చేశాడు. షూర్‌ఫ్లాప్ కంపెనీ అలా పుట్టింది.

షాపువాడు మీకు చిప్ రకమే అంటగడతాడు. రెండొందల డాలర్ల పైమాట. అవతల నాలుగువైపులా, పైనా మూసిన జాలీ గది ఉంటే మీకు అది అక్కర్లేదని నేను గట్టిగా చెప్తాను. పక్కింటి పిల్లి ఆ గదిలోకి ఎలా వస్తుంది? నాలుగు లాకుల మామూలు ఫ్లాప్ చాలు, మిగిలిన డబ్బు జాలీకి పెట్టండి. కంచె పైన రోలర్లు పెట్టుకుని పెరడంతా వదిలినవాళ్ళకి మాత్రం చిప్ రకం పనికొస్తుంది, ఎందుకంటే రాత్రిపూట పోసమ్‌లు వస్తాయి. పోసమ్ ఒకసారి వంటింట్లోకి దూరితే ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి ఆ రెండొందలు ఎక్కువ అనిపించవు. కొనేటప్పుడు ఒకటి అడగండి. చాలా చిప్ ఫ్లాపులు లోపలికి వచ్చేటప్పుడే చదువుతాయి, బయటికి పోయేటప్పుడు ఏ పిల్లినైనా పోనిస్తాయి. ఇంట్లో రెండు పిల్లులుండి, ఒకదాన్ని లోపలే ఉంచాలంటే రెండువైపులా చదివే మోడల్ కావాలి. తలుపు ఇనప రేకుదైతే చిప్ సిగ్నల్‌కి అడ్డం పడుతుంది, దానికి వేరే ఫ్రేము తీసుకోవాలి.

సైజు సంగతి. కూనని చూసి కొనకండి, ఎదిగాక ఎంతవుతుందో చూసి కొనండి. మగపిల్లి బాగా బలుస్తుంది. మామూలు చిప్ ఫ్లాప్ దారి 142 మిల్లీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు ఉంటుంది. చాలా పిల్లులకి చాలు, మెయిన్ కూన్ లాంటి పెద్ద జాతికి చాలదు. టేపు పట్టి పిల్లిని కొలవడం అయ్యే పని కాదు. అట్టపెట్టెకి ఫ్లాప్ సైజు కన్నం కోసి లోపల చేపముక్క పెట్టండి. ఒళ్ళు రాసుకోకుండా దూరిందా, అదే సైజు. వీపు తగిలిందా, పై సైజుకి వెళ్ళండి. అదే అట్ట మీద పిల్లి పొట్ట ఎత్తు కూడా గీసుకోండి. ఫ్లాప్ కింది అంచు ఆ గీత దగ్గర గానీ, కొంచెం కింద గానీ రావాలి.

ఇక పని. మా ఇంట్లో లాండ్రీ తలుపుకి పెట్టాను, దాని లెక్కనే చెప్తాను.

ముందు తలుపుని వేలితో కొట్టి చూడండి. గట్టి చెక్కా, బోలుదా చప్పుడులో తెలుస్తుంది. లోపలి గదుల తలుపులు ఎక్కువగా బోలువే. రెండు పల్చటి పలకలు, మధ్యలో తేనెపట్టులా మడిచిన అట్ట. బయట తలుపు గట్టిదై ఉండాలి. అంచుకి మరీ దగ్గరగా కొయ్యొద్దు, చట్రం చెక్క బలం పోతుంది. ఇంకోటి, లోపలి గడియకి దూరంగా ఉండాలి. ఫ్లాప్‌లో చెయ్యి పెట్టి పైన గడియ తీసే దొంగలు ఉన్నారు. మీరే నేల మీద పడుకుని, బయట నుంచి చెయ్యి పెట్టి అందుతుందేమో చూడండి. పక్కింటివాళ్ళు చూస్తే చూశారు.

లోపల నేలకీ బయట నేలకీ ఎత్తు తేడా కూడా కొలవాలి. ఇక్కడి ఇళ్ళకి శ్లాబు ఎత్తుగా, బయట పేవింగ్ కిందకి ఉంటుంది. లోపల నుంచి సరిపోయిన ఎత్తు బయట పిల్లికి గోడ దూకినట్టు అవుతుంది. అవతల ఒక ఇటుక మెట్టు పెట్టండి.

డబ్బాలో వచ్చిన కాగితం టెంప్లేట్‌నే నమ్మండి, నెట్‌లో దొరికిన కొలతలు వద్దు. మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీయండి, రసమట్టం పెట్టి చూసుకోండి. తలుపు కింది అంచు చూసి సమంగా ఉందనుకోకండి, చాలా తలుపుల అడుగు ఒకవైపు రంద కొట్టి ఉంటుంది. నాలుగు మూలలా 10 లేదా 12 మిల్లీమీటర్ల డ్రిల్ బెజ్జం, అందులోంచి జిగ్‌సా బ్లేడు దింపి గీత లోపలి వైపు నుంచి కొయ్యాలి. ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో మమ్మల్ని నెలల తరబడి ఆకురాయి పట్టించేవారు. అప్పుడు మా మాస్టారు చెప్పింది ఒకటే, పంచ్ గుర్తులో సగం మిగలాలి అని. తక్కువ కోస్తే ఇంకాస్త కొయ్యొచ్చు. ఎక్కువ కోస్తే తలుపు కొనాలి. తలుపుని కీళ్ళ నుంచి తీసి బల్ల మీద పడుకోబెట్టి కోస్తే చెయ్యి నిలకడగా ఉంటుంది. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు. మనం సైటులో పెట్టుకుంటాం, ఇంట్లో మర్చిపోతాం.

ఇక్కడ యూట్యూబ్‌లో చూపించనిది ఒకటుంది. బోలు తలుపుకి కన్నం కోశాక నాలుగు అంచుల్లో ఖాళీ కనపడుతుంది. ఫ్లాప్ స్క్రూలు బిగించగానే ఆ రెండు పలకలూ లోపలికి నొక్కుకుంటాయి, ఆరు నెలల్లో ఫ్రేము లటలటలాడుతుంది. ఆ ఖాళీలోకి సరిగ్గా పట్టే చెక్క బద్దలు నాలుగు జిగురుతో దూర్చి, ఎండనిచ్చి, అప్పుడు ఫ్రేము పెట్టాలి. గట్టి తలుపైనా, బోలుదైనా, కోసిన అంచుకి ప్రైమర్ రెండు కోట్లు వెయ్యండి. వాననీళ్ళు తాగితే చెక్క ఉబ్బి ఫ్లాప్ పట్టేస్తుంది. స్క్రూలు డ్రైవర్ మెషీన్‌తో కాదు, చేత్తో బిగించండి. ప్లాస్టిక్ ఫ్రేము ఒక్క అర చుట్టు ఎక్కువైనా వంకరపోయి రెక్క రాసుకుంటుంది. బయట వైపు పైనా, పక్కలా సిలికాన్ పెట్టండి, కింద వదిలెయ్యండి. లోపలికి చేరిన నీరు పోవడానికి దారి కావాలి కదా.

గోడకి పెట్టించుకోవాలనుకునేవాళ్ళు ఉన్నారు. ఇటుక గోడ అయితే అది వేరే పని: బయట ఇటుక, మధ్యలో ఖాళీ, తర్వాత ఫ్రేము, ఇన్సులేషన్, జిప్సమ్ బోర్డు, ఎక్కడో కరెంటు వైరు. సొరంగం పెట్టాలి, నీళ్ళు ఖాళీలోకి దిగకుండా చూడాలి. తెలిసినవాళ్ళకే ఇవ్వండి. కరెంటు వైరు కదపాల్సి వస్తే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. పాత పేటల్లో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆస్‌బెస్టాస్‌ని ఈ దేశంలో పూర్తిగా నిషేధించింది 2003 చివర. కాన్‌బెర్రాలో పై కప్పుల్లోకి వదులు ఆస్‌బెస్టాస్ పోసిన ఇళ్ళు వెయ్యి పైన తేలితే, 2014 నుంచి ప్రభుత్వమే కొని పడగొట్టించింది. ఫైబ్రో షీటు గోడ కనపడితే రంపం పెట్టొద్దు, ముందు పరీక్ష చేయించండి. హారిసన్ ఇళ్ళు ఈ మధ్యవి, ఇక్కడ ఆ భయం లేదు.

చలి గురించి అడుగుతారు. ఇక్కడ జూలైలో రాత్రి సున్నా కిందకి పోతుంది, తలుపులో కన్నం అంటే హీటరు బిల్లులో కన్నమే. అందుకే నేను లాండ్రీ తలుపు ఎంచుకున్నాను. లాండ్రీకీ హాలుకీ మధ్య ఇంకో తలుపు ఉంది, రాత్రి అది మూసేస్తాం. ఎండాకాలం దీనికి తలకిందులు. 2020 జనవరిలో కాన్‌బెర్రాలో 44 డిగ్రీలు కాసింది. జాలీ గదికి సగం మేర షేడ్ క్లాత్ కప్పండి, నీళ్ళు రెండు గిన్నెలు పెట్టండి, పడమటి ఎండ తగిలే వైపు కట్టకండి. ఫ్లాప్ పనిచెయ్యకపోతే పిల్లి ఎండలో ఇరుక్కుపోతుంది. కాబట్టి బ్యాటరీ ఫ్లాప్ అయితే బ్యాటరీలు అయిపోయేదాకా ఆగొద్దు, ఎండాకాలం మొదట్లోనే మార్చేయండి.

పెట్టేశాక పిల్లిని పట్టుకుని కన్నంలోంచి తొయ్యకండి. జన్మలో దాని దగ్గరికి రాదు. మొదటి మూడు నాలుగు రోజులు రెక్కని టేపుతో పైకి అంటించి దారి ఖాళీగా ఉంచండి, అవతల తిండి పెట్టండి. తర్వాత రెక్కని సగం దించండి. చివరికి పూర్తిగా వదలండి. చిప్ రకం అయితే లాక్ టక్కుమనే చప్పుడికి బెదురుతుంది, ఆ చప్పుడు అలవాటయ్యేదాకా ఇంకో వారం పడుతుంది. మాది పదకొండో రోజున వెళ్ళింది. మా అమ్మాయి ఆ రోజు స్కూల్ నుంచి రాగానే చూసి ఊరంతా ఫోన్లు చేసింది.

సరదాకి ఒకటి. ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ అనే ఊళ్ళో పాత చర్చి ఉంది, దాని పెద్ద గడియారం కింద తలుపుకి గుండ్రటి కన్నం ఇప్పటికీ ఉంది. గడియారం తాళ్ళకి రాసిన కొవ్వు కోసం ఎలుకలు వచ్చేవి, ఎలుకల కోసం పిల్లి. 1598లో అక్కడి బిషప్ ఆ కన్నం కోయించి వడ్రంగులకి ఎనిమిది పెన్నీలు ఇచ్చినట్టు లెక్కల్లో ఉంది. నాలుగు వందల ఏళ్ళ కిందటి కూలి లెక్క పుస్తకంలో మిగిలింది చూడండి. మనకి మన పే స్లిప్పులు పోయిన ఏడాదివే దొరకవు.

ఇండియా వెళ్ళేవాళ్ళకి. నాలుగు వారాలు వెళ్ళేటప్పుడు పిల్లిని బోర్డింగ్‌లో పెట్టినా, స్నేహితుల ఇంట్లో ఉంచినా, ఫ్లాప్‌ని బంద్ లాక్‌లో పెట్టి, లోపలి నుంచి ఒక పలక స్క్రూ చెయ్యండి. ఖాళీ ఇంటికి అది దొంగకీ, పోసమ్‌కీ దారి. ఎవరైనా రోజూ మీ ఇంటికే వచ్చి తిండి పెడతారంటే, జాలీ గది తలుపు గడియ బయట నుంచి ఎలా పడుతుందో ఒకసారి వాళ్ళ చేత వేయించి చూడండి.

మీ తలుపు గురించి అడగాలంటే ఫొటోలు పంపండి, కానీ ఇలా పంపండి. తలుపు మొత్తం ఒకటి. కింది భాగం టేపు ఆనించి ఒకటి. తలుపు అంచు మీద ట్యాగు ఉంటే అది ఒకటి. గాజు అయితే మూలలో ముద్ర కనపడేలా ఒకటి. తలుపు అవతల ఏముందో చూపించే ఫొటో ఒకటి. అద్దె ఇల్లు అయితే ఓనరు రాసిన ఈమెయిల్ కూడా. ఆ చివరి రెండూ లేకుండా వచ్చినవాటికి నేను జవాబుగా అవే అడుగుతాను, ముందే చెప్తున్నా.